మెదడుకు దెబ్బ తగిలాక వర్కింగ్ మెమరీని ఇంటి పనులతో మెరుగుపరచుకోవడం

పక్షవాతం నుంచి కోలుకున్నవారు, ప్రమాదంలో తలకు గాయమైనవారు, మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడు, వెన్నుపాములో నరాల పై పొర దెబ్బతినే జబ్బు) లేదా పార్కిన్సన్స్ (కదలికలు మందగించే జబ్బు) ఉన్నవారు పాత సంగతులన్నీ చక్కగా చెబుతూనే, ఇప్పుడే విన్న ఫోన్ నంబరును నొక్కేలోపు మరిచిపోతుంటే, ఇంట్లోవారు దాన్ని నిర్లక్ష్యం అనుకొని విసుక్కుంటారు. అది నిర్లక్ష్యం కాదు. ఒక విషయాన్ని కొన్ని సెకన్లు మనసులో నిలుపుకొని దానితో పని చేసే శక్తినే వర్కింగ్ మెమరీ అంటారు. నుదుటి వెనకనున్న ఫ్రాంటల్ భాగం, నడినెత్తి కిందనున్న పెరైటల్ భాగం, ఆ రెంటినీ కలిపే నరాల దారులు దెబ్బతింటే ఆ శక్తి తగ్గుతుంది.

సాధన మొదలుపెట్టే ముందు న్యూరాలజిస్టును అడగవలసినవి కొన్ని ఉన్నాయి. నిద్రలేమి, గురక వ్యాధి, డిప్రెషన్, థైరాయిడ్, బి12 లోపం, ఫిట్స్, మూత్రం ఆపుకోలేకపోవడానికి ఇచ్చే కొన్ని మందులు కూడా జ్ఞాపకాన్ని మందగింపజేస్తాయి. మందులను మాత్రం సొంతంగా ఆపకూడదు.

ఆ తర్వాత జ్ఞాపకం, ఏకాగ్రత వంటివాటిని కొలిచే న్యూరోసైకాలజీ పరీక్ష చేయించుకోవాలి. బెంగళూరులో మెదడు, మానసిక జబ్బులకు చికిత్స చేసే నిమ్హాన్స్‌లో ఈ పరీక్షలు, వాటి ఆధారంగా ఇచ్చే శిక్షణ ఉన్నాయి. ఇక్కడి తెలుగు కుటుంబాలు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది: మనలో చాలామంది ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ మాట్లాడుతూ, ఫోన్ నంబర్లు మాత్రం ఇంగ్లీషులో చెప్పుకుంటాం. పలకడానికి ఎక్కువసేపు పట్టే మాటలు మనసులో తక్కువ నిలుస్తాయి కాబట్టి, ఒకసారి తెలుగు అంకెలతో, ఇంకోసారి ఇంగ్లీషు అంకెలతో పరీక్షిస్తే ఆ రెండు ఫలితాలను పోల్చడం కుదరదు. రోగికి ఏ భాష సులువో ముందే చెప్పి, ప్రతిసారీ అదే భాషలో జరిగేలా చూసుకోండి.

వర్కింగ్ మెమరీకి సాధన ఇచ్చే కంప్యూటర్ ఆటల గురించి ఎక్కువమంది అడుగుతారు. 2013లో మెల్బీ-లెర్వాగ్, హ్యూమ్ అనే పరిశోధకులు, ఎక్కువగా పిల్లలపైనా ఆరోగ్యవంతులపైనా జరిగిన అధ్యయనాలను కలిపి పరిశీలించినప్పుడు, సాధన చేసిన ఆటను పోలిన పరీక్షల్లో మెరుగుదల కనిపించింది గానీ అది ఇతర సామర్థ్యాలకు పాకినట్టు తేలలేదు. ఆటలు ఆడవద్దని నేను అనను. కానీ ఓపిక పరిమితంగా ఉన్నవారు దాన్ని రోజూ చేయవలసిన పని మీదే ఖర్చుపెట్టడం మేలని నా గట్టి అభిప్రాయం.

అందుకని ఒక్క పనిని ఎంచుకోండి. ఉదాహరణకు పప్పు వండడం తీసుకుందాం. తాలింపు వేగుతుండగా కాలింగ్ బెల్ మోగితే, తిరిగి వచ్చేసరికి ఉప్పు వేశామో లేదో గుర్తుండదు. కావలసినవన్నీ ముందే స్టవ్‌కు ఎడమవైపు వరుసగా పెట్టుకొని, వేసిన వెంటనే ఆ డబ్బాను కుడివైపుకు జరిపి, "ఉప్పు వేశాను, ఇక పసుపు" అని పైకి అనాలి. బెల్ మోగితే ముందు స్టవ్ ఆర్పి, అప్పుడు తలుపు తీయాలి. మొదటి రోజుల్లో ఫోన్, టీవీ లేకుండా చేసి, తప్పులు లేకుండా జరుగుతున్నాక ఎవరైనా పక్కన మాట్లాడుతుండగా చేయించాలి. మతిమరపు తీవ్రంగా ఉన్నవారిని మాత్రం ఊహించి చెప్పమనకండి. తప్పు జవాబే మనసులో నాటుకుపోతుంది, కాబట్టి సరైన మెట్టును ముందే చూపించాలి.

ఓటీపీకి కూడా ఇదే పద్ధతి. ఆరు అంకెలను మూడేసి చొప్పున రెండు ముక్కలు చేసి, మొదటి ముక్కను పెదవులతో అనుకుంటూ నొక్కి, తర్వాతే రెండోది చూడాలి. గడువు తరుముతుంటే కంగారు పెరుగుతుంది కనుక, ముందు కాగితం మీది అంకెలతో తీరిగ్గా సాధన చేయించండి.

ఇంట్లోవారి మాట తీరూ మారాలి. "నాన్నా, మందులు వేసుకొని, పాలు తెచ్చి, కరెంటు బిల్లు కట్టు" అనే బదులు ఒక పని చెప్పి, ఆయన నోట తిరిగి చెప్పించుకొని, అది పూర్తయ్యాక రెండోది చెప్పాలి. ఎదుటివారు గబగబా మాట్లాడితే "ఒక్క నిమిషం ఆగండి, మళ్లీ చెప్పండి" అనడం రోగికి అలవాటు చేయాలి. ఫోన్ అలారం, వంటింటి గోడకు వైట్‌బోర్డు, జేబులో చిన్న పుస్తకం వాడితే జ్ఞాపకం బద్ధకిస్తుందన్న భయం వద్దు. ఇవీ చికిత్సలో భాగమే.

అలసటకు ముందే ఆపండి. చాలామందికి ఉదయం ఇరవై నిమిషాల సాధన చాలు. పార్కిన్సన్స్ వంటి ముదిరే జబ్బుల్లో శక్తిని పెంచడం కన్నా, ఉన్న పనులను ఎక్కువ కాలం సొంతంగా చేసుకోగలగడమే గురి కావాలి. మరపు ఉన్నట్టుండి పెరిగినా, మాట తడబడినా, మూతి వంకర పోయినా, ఒక చేయి బలహీనపడినా సాధనను పక్కనపెట్టి వెంటనే 108కు ఫోన్ చేయండి.