లండన్ వెళ్లే ముందు ప్యాలెస్ రోడ్డుకి

బెంగళూరు నుంచి పిల్లల దగ్గరికి లండన్ వెళ్లే మన పెద్దవాళ్లకి ఒక మాట. అక్కడి మోడర్న్ ఆర్ట్ మ్యూజియం టేట్ మోడర్న్‌లో శాశ్వత సేకరణ చూడటానికి డబ్బు కట్టక్కర్లేదు, ప్రత్యేక ప్రదర్శనలకే టికెట్. పాత పవర్ స్టేషన్‌నే మ్యూజియంగా మార్చేసి, 2000 సంవత్సరంలో తెరిచారు. పారిస్‌లోని మోడర్న్ ఆర్ట్ మ్యూజియం పాంపిడూ సెంటర్‌ని మాత్రం 2025లో పెద్ద మరమ్మతులకి మూసేశారు, ప్లాన్‌లో ఉంటే తీసేయండి.

మోడర్న్ ఆర్ట్ అర్థం కాదని టెన్షనా? ముందు ఇక్కడే బెంగళూరులో, ప్యాలెస్ రోడ్డులోని ఎన్‌జీఎంఏకి (నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్) వెళ్లి అలవాటు చేసుకోండి. సోమవారం సెలవు. పాత మాణిక్యవేలు మాన్షన్, చుట్టూ పెద్ద చెట్లు (మావారు మొదటిసారి వాటి కిందే కూర్చుండిపోయారు!). అన్నీ చూడాలనుకోకండి. మిమ్మల్ని ఆకట్టుకున్న మూడు బొమ్మల ముందు ఐదేసి నిమిషాలు నిలబడండి, పక్కనున్న వివరం ఆ తర్వాతే చదవండి.