పైప్‌లైన్ పనులు నేర్చుకుందాం – 7వ పాఠం: బటర్‌ఫ్లై వాల్వు బిగింపు

గేట్ వాల్వు బిగించడం గత పాఠంలో చూశాం. ఫ్లాంజ్ ముఖాలు శుభ్రంగా ఉండి, గ్యాస్కెట్ సరిగ్గా కూర్చుని, బోల్టులు సమంగా బిగిస్తే అక్కడ పని దాదాపు అయిపోయినట్టే. అదే అలవాటుతో బటర్‌ఫ్లై వాల్వు (షాఫ్టు మీద తిరిగే గుండ్రటి డిస్కుతో తెరిచి మూసేది) బిగించబోతే చిక్కులు మొదలవుతాయి. చూడటానికి సన్నగా ఉంటుంది, బరువు తక్కువ, రెండు ఫ్లాంజ్‌ల మధ్య దూర్చేస్తే చాలనిపిస్తుంది. కొత్త వాల్వు మొదటి రోజే కారిందంటే ముందుగా అనుమానించాల్సింది తయారీని కాదు, బిగించిన తీరుని.

ఈ పాఠం రబ్బరు సీటు ఉన్న మామూలు వాల్వుకే, అంటే షాఫ్టు డిస్కు నడిమధ్య నుంచి పోయే రకానికే. వేఫర్ (రెండు ఫ్లాంజ్‌ల మధ్య ఇరికించేది), లగ్ (బాడీకే మర రంధ్రాలున్నది) రెండూ ఇందులో వస్తాయి. షాఫ్టు నడిమధ్య కాకుండా పక్కకి జరిగి ఉండే డబుల్ ఆఫ్‌సెట్, ట్రిపుల్ ఆఫ్‌సెట్ వాల్వులకు గ్యాస్కెట్ వేయాలి, బాడీ మీది బాణం గుర్తు చూసుకోవాలి. వాటి సంగతి తొమ్మిదో పాఠంలో.

రెండు సంగతులు మనసులో పెట్టుకోండి. ఒకటి, తెరిచినప్పుడు డిస్కు బాడీలోంచి బయటికొచ్చి పైపులోకి వెళుతుంది. రెండు, సీటు రబ్బరు బాడీ రెండు ముఖాల మీదికీ మడత పడి ఉంటుంది, గ్యాస్కెట్ పని అదే చేస్తుంది. కింద చెప్పే జాగ్రత్తల్లో ముఖ్యమైనవన్నీ ఈ రెండింటి నుంచే పుట్టాయి.

డిస్కు తిరగడానికి చోటుందా?

వాల్వు ఎత్తకముందే ఈ లెక్క కట్టాలి. డి.ఎన్.200 (అంటే 8 అంగుళాల సైజు) వేఫర్ వాల్వు తీసుకుందాం. బాడీ మందం 60 మి.మీ. డిస్కు వ్యాసం 196 మి.మీ. అనుకుందాం, మీ దగ్గరున్న వాల్వుది కొలిచి చూసుకోండి. పూర్తిగా తెరిస్తే డిస్కు ఒక్కో వైపు (196 – 60) ÷ 2, అంటే 68 మి.మీ. పైపులోకి పొడుచుకొస్తుంది.

బాడీ ముఖం దాటే చోట డిస్కు ఎంత వెడల్పుంటుంది? 196 వర్గంలోంచి 60 వర్గం తీసేయండి: 38,416 – 3,600 = 34,816. దీని వర్గమూలం సుమారు 186.6. పైపు లోపలి వ్యాసం ఇంతకంటే ఎక్కువ ఉండాలి, పైగా చుట్టూ కాస్త ఖాళీ మిగలాలి. 8 అంగుళాల షెడ్యూల్ 40 పైపు (షెడ్యూల్ అంకె పెరిగితే గోడ మందం పెరుగుతుంది) లోపలి వ్యాసం 202.7 మి.మీ., కాబట్టి ఒక్కో పక్క 8 మి.మీ. ఖాళీ దొరుకుతుంది, ఏ ఇబ్బందీ లేదు. షెడ్యూల్ 80 అయితే 193.7, పక్కకి మూడున్నరే. వాల్వు నాలుగు మిల్లీమీటర్లు పక్కకి జరిగి కూర్చున్నా డిస్కు అంచు పైపుకి గీసుకుంటుంది. షెడ్యూల్ 160లో 173.1 మాత్రమే, డిస్కు తెరుచుకోదు.

గోడ మందంగా ఉండే హెచ్.డి.పి.ఇ. (ప్లాస్టిక్) పైపు, లోపల సిమెంటు పూత ఉన్న పైపు ఇలాంటి చోట్లే మోసం చేస్తాయి. పైపు పేరు మీద ఉన్న సైజును నమ్మకండి, క్యాలిపర్ లోపల పెట్టి కొలవండి. చోటు చాలకపోతే హెచ్.డి.పి.ఇ. స్టబ్ ఎండ్ (ఫ్లాంజ్ కోసం పైపు చివర అతికే ముక్క) లోపలి అంచుని ఏటవాలుగా చెక్కించాలి, లేదా స్పేసర్ వేయాలి. డిస్కు అంచుని గ్రైండ్ చేద్దామన్న ఆలోచన మాత్రం రానివ్వకండి. సీలు పడేది ఆ అంచు మీదే.

వాల్వుకి చెక్ వాల్వు (నీరు వెనక్కి రాకుండా ఆపేది) ఆనించి పెట్టేటప్పుడు కూడా ఇదే లెక్క. ఆ 68 మి.మీ.లో దాని తలుపు అడ్డొస్తే రెండూ పాడవుతాయి.

ఫ్లాంజ్ సంగతి

పైపు చివరకి ఎదురుగా ఆనించి వెల్డ్ చేసే వెల్డ్ నెక్ ఫ్లాంజ్ అన్నిటికంటే మంచిది. పైపు మీదికి తొడిగే స్లిప్ ఆన్ ఫ్లాంజ్‌లో పైపు చివర ముఖం కంటే లోపలికి ఆగిపోతుంది, ముఖం దగ్గర రంధ్రం పైపు బయటి వ్యాసమంత ఉంటుంది. దాంతో రబ్బరు లోపలి అంచుకి వెనక ఆనిక ఉండదు. ఒత్తిడి పడగానే ఆ ఖాళీలోకి ఉబ్బుతుంది.

బోల్టు రంధ్రాల దగ్గరా ఒక ఉచ్చు ఉంది. పి.ఎన్., క్లాస్ అనేవి ఫ్లాంజ్ ఎంత ఒత్తిడికి తగినదో చెప్పే రెండు వేర్వేరు ప్రమాణాలు. డి.ఎన్.200లో పి.ఎన్.10కి 8 రంధ్రాలు, పి.ఎన్.16కి 12, రెండింటికీ రంధ్రాల వలయం వ్యాసం 295 మి.మీ. క్లాస్ 150కీ 8 రంధ్రాలే, వలయం మాత్రం 298.5. పి.ఎన్.10 లగ్ వాల్వుని క్లాస్ 150 ఫ్లాంజ్‌కి పెడితే బోల్టులు తంటాలు పడి దూరినా దూరతాయి. దూరాయి కదా అని బిగిస్తే వాల్వు ఒక పక్కకి లాగినట్టు కూర్చుంటుంది. వలయం కొలిచాకే ముందుకు వెళ్లండి.

రెండు ఫ్లాంజ్‌లు సమాంతరంగా ఉన్నాయో లేదో నాలుగు చోట్ల సందు కొలిచి చూడాలి: పైన, కింద, రెండు పక్కలా. ప్రాసెస్ పైపింగ్ కోడ్ బి31.3 ప్రకారం ప్రతి 200 మి.మీ. వ్యాసానికి 1 మి.మీ. తేడా దాటకూడదు, ఎదురెదురు రంధ్రాలు 3 మి.మీ. కంటే పక్కకి జరగకూడదు. డి.ఎన్.200 ఫ్లాంజ్ బయటి వ్యాసం 340 కాబట్టి సందులో 1.7 మి.మీ. తేడా వరకే చెల్లుతుంది. అంతకు మించితే పైపు సరిచేయాలి. వంకరని బోల్టులతో లాగి సరిచేస్తే ఆ లాగుడు జీవితాంతం సీటు మీదే పడుతుంది.

ఫ్లాంజ్‌ని వెల్డ్ చేసేటప్పుడు వాల్వు మధ్యలో ఉండకూడదు. కొలత కోసం వాల్వుని పెట్టి ట్యాక్ (చుక్క వెల్డు) కొట్టుకోవచ్చు. ఆ తర్వాత వాల్వు తీసేసి పూర్తి వెల్డింగ్ చేసి, చల్లారాక మళ్లీ పెట్టాలి. ఒక్క ఫ్లాంజే కదా అని అలాగే వదిలేస్తే వేడికి రబ్బరు గట్టిపడుతుంది. పైకి ఏమీ తెలియదు, లీకయ్యాకే బయటపడుతుంది.

షాఫ్టు ఎటు ఉండాలి?

బురద, ఇసుక, గుజ్జు ఉన్న ద్రవమైతే షాఫ్టు అడ్డంగా ఉండాలి, తెరిచేటప్పుడు డిస్కు కింది అంచు ప్రవాహం పోయే వైపు కదలాలి. అప్పుడు అడుగున పేరుకున్నది కొట్టుకుపోతుంది. షాఫ్టు నిలువుగా ఉంటే ఆ ఇసుకంతా కింది బేరింగ్ దగ్గర చేరుతుంది.

బెండు తర్వాత వాల్వు వస్తే, పైపు ఏ తలంలో మలుపు తిరిగిందో షాఫ్టు ఆ తలంలోనే ఉండాలి. బెండు బయటి వైపు నీరు వేగంగా, లోపలి వైపు నెమ్మదిగా పోతుంది. షాఫ్టు ఆ తలంలో ఉంటే డిస్కు రెండు రెక్కల మీదా ఒకే బలం పడుతుంది. అడ్డంగా తిరిగితే ఒక రెక్కకి ఎక్కువ, ఇంకో రెక్కకి తక్కువ. డిస్కు వణుకుతుంది, గేర్ బాక్స్ పళ్లు అరుగుతాయి. సెంట్రిఫ్యూగల్ పంపు డెలివరీ దగ్గరా ఇదే తర్కం: వాల్వు షాఫ్టు పంపు షాఫ్టుకి లంబంగా ఉండాలి. ఇవన్నీ చోటు లేనప్పటి సర్దుబాట్లు. చోటుంటే పంపుకీ బెండుకీ పైపు వ్యాసానికి కనీసం 6 రెట్ల దూరంలో వాల్వు పెట్టండి.

బోల్టు పొడవు

డి.ఎన్.100, పి.ఎన్.16 వేఫర్ వాల్వుకి ఎం16 స్టడ్‌లు (రెండు చివరలా నట్టు పడే బోల్టులు) 8 కావాలి. బాడీ మందం 52, రెండు ఫ్లాంజ్‌లు 20 చొప్పున 40, రెండు వాషర్లు 6, రెండు నట్లు 30, నట్టు దాటి అటూ ఇటూ రెండు మూడు మరలు కలిపి 12. మొత్తం 140 మి.మీ.

లగ్ వాల్వులో రెండు వైపుల నుంచీ వేరు వేరు బోల్టులు వచ్చి ఒకే మర రంధ్రంలో ఎదురవుతాయి. పొడవు ఎక్కువైతే రెండూ లోపల గుద్దుకుంటాయి. టార్క్ రెంచ్ టిక్కుమంటుంది, బిగిసిందనుకుంటారు, ఫ్లాంజ్ మాత్రం వదులుగానే ఉంటుంది. బోల్టుని ముందు చేత్తో ఎంత లోపలికి పోతుందో తిప్పి చూసుకోండి.

బిగింపు

వాల్వుని స్లింగ్‌తో బాడీ మెడ దగ్గర పట్టి ఎత్తాలి. హ్యాండ్ వీల్‌కి కట్టినా, సీటు లోపలి నుంచి తాడు పోనిచ్చినా నష్టమే. ఫ్లాంజ్ ముఖాల మీద స్లాగ్ (వెల్డింగ్ మడ్డి), బర్ (పదును అంచు), పాత గ్యాస్కెట్ ముక్కలు లేకుండా చూడండి. లోపలి అంచు మీద వేలు తిప్పితే గుచ్చుకోకూడదు.

ఇక్కడ గ్యాస్కెట్ వేయకండి. సీలు రెట్టింపు అవుతుందని వేసేవాళ్లున్నారు. ఫ్లాంజ్ బాడీ లోహానికి తగిలి ఆగేదాకా రబ్బరు కొంత నలగాలని వాల్వుని తయారుచేస్తారు. మధ్యలో ఇంకో మెత్తటి పొర చేరితే ఆ ఆగే చోటు పోతుంది. ఎంత బిగించినా బిగుస్తూనే ఉంటుంది, రబ్బరు లోపలికి జరిగి డిస్కుని పట్టేస్తుంది. రబ్బరు ముఖాలకి గ్రీజు కూడా రాయొద్దు. డిస్కు అంచుకి అవసరమైతే సిలికోన్ గ్రీజు చాలు. ఇ.పి.డి.ఎం. అనే రకం రబ్బరుకి పెట్రోలియం గ్రీజు తగిలితే ఉబ్బుతుంది.

ఫ్లాంజ్‌ల సందుని జాక్‌తో విడదీయండి. వాల్వు మందాన్ని రబ్బరుతో కలిపి కొలిచి, దానికి మరో 6–8 మి.మీ. కలిపినంత సందు ఉండాలి. ఇరుకు సందులో సుత్తితో కొట్టి దూర్చితే రబ్బరు పెదవి మడతపడుతుంది. కింది సగం స్టడ్‌లు ముందే పెట్టుకుంటే వాల్వు వాటి మీద ఊయలలో కూర్చున్నట్టు కూర్చుంటుంది. దూర్చేటప్పుడు డిస్కు సుమారు 10 డిగ్రీలు మాత్రమే తెరిచి ఉండాలి, అంచు బాడీ దాటి బయటికి రాకూడదు.

గాలి పోతే స్ప్రింగుతో తెరుచుకునే యాక్చుయేటర్ (వాల్వుని గాలి ఒత్తిడితో తిప్పే పరికరం) ఉంటే జాగ్రత్త. అది గోడౌన్ నుంచి తెరిచే వస్తుంది. గాలి ఇచ్చి డిస్కుని లోపలికి తెచ్చాకే దూర్చాలి. ఆ గాలి గొట్టం ఊడితే డిస్కు ఒక్క విసురుతో తెరుచుకుంటుంది, కాబట్టి వేళ్లు లోపల పెట్టకండి.

మిగతా స్టడ్‌లు పెట్టి, జాక్ తీసి, నట్లు చేత్తో బిగించండి. ఇప్పుడు డిస్కుని మెల్లగా పూర్తిగా తెరవండి. ఎక్కడైనా తగిలితే బలవంతం చేయకుండా వాల్వుని జరిపి మధ్యకి తెచ్చుకోండి. డిస్కు తెరిచి ఉండగానే బోల్టులు బిగించాలి. 8 బోల్టులకి వరస 1–5–3–7–2–6–4–8. తయారీదారు ఇచ్చిన టార్క్‌లో మొదటి చుట్టు 30 శాతం, రెండోది 60, మూడోది పూర్తిగా. చివర్లో వరసగా ఒక చుట్టు చూసుకోవాలి. ఫ్లాంజ్ బాడీ లోహానికి ఆనిందా, ఆగిపోండి.

డిస్కు మూసి బిగిస్తే ఏమవుతుంది? నలిగిన రబ్బరు లోపలి వైపు జరిగి డిస్కు అంచుని కరుస్తుంది. మొదటిసారి తెరిచేటప్పుడే రబ్బరు అంచు లేచిపోతుంది. విప్పి చూస్తే రబ్బరు మీద సన్నటి నెలవంక ఆకారంలో చీలిక కనిపిస్తుంది.

నీళ్లు వదిలేముందు

లైను కడిగేటప్పుడు వాల్వు పూర్తిగా తెరిచి ఉంచండి. ఒక్క ఎలక్ట్రోడ్ ముక్క సీటులో ఇరుక్కుంటే చాలు, మూసినప్పుడు రబ్బరులో గాడి పడుతుంది. ఫ్యాక్టరీలో వాల్వు తయారయ్యాక చేసే పరీక్షలో బాడీకి పని ఒత్తిడికి 1.5 రెట్లు, మూసిన సీటుకి 1.1 రెట్లే ఇస్తారు. అందుకే లైన్ హైడ్రో టెస్టు (నీటి ఒత్తిడి పరీక్ష) 1.5 రెట్లకి చేస్తున్నప్పుడు మూసిన వాల్వుని అడ్డుగోడలా వాడకూడదు. వాల్వుని కొద్దిగా తెరిచి, చివర బ్లైండ్ ఫ్లాంజ్ (రంధ్రం లేని మూత) వేయండి.

చివరి ఐదారు డిగ్రీలు మూసుకోకపోతే లివరుకి గొట్టం తొడిగి లాగకండి. గేర్ బాక్స్ ఉంటే దాని స్టాప్ స్క్రూ (డిస్కు ఎక్కడ ఆగాలో నిర్ణయించేది) ముందుకొచ్చిందేమో మొదట చూడండి, తర్వాత ఫ్లాంజ్ సందు మళ్లీ నాలుగు చోట్ల కొలవండి. ఒక వైపు ఎక్కువ బిగిసి ఉంటే బోల్టులన్నీ వదులు చేసి, డిస్కు తెరిచి, మొదటి చుట్టు నుంచి మళ్లీ రండి. తెరిచేటప్పుడు మధ్యలో ఆగిపోతే డిస్కు పైపుకి తగులుతోందన్నమాట. డిస్కు అంచు మీద మెరిసే గీత కనిపిస్తే అనుమానమే లేదు.

సాధన: మీ దగ్గరున్న ఏదైనా వేఫర్ వాల్వుకి డిస్కు వ్యాసం, బాడీ మందం కొలవండి. బాడీ ముఖం దగ్గర డిస్కు వెడల్పు లెక్కగట్టి, పైపు లోపలి వ్యాసం పక్కన రాయండి. తర్వాత షాఫ్టు పై చివర ఉండే గాడి డిస్కుకి సమాంతరంగా ఉందో లేదో తిప్పి చూసి, తెరిచిన, మూసిన స్థానాలని మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి. వచ్చే పాఠంలో గేర్ బాక్స్ స్టాప్‌లు సరిచేసేటప్పుడు ఆ గుర్తులతోనే మొదలుపెడతాం.