ఇంట్లో జారిపడిన సూదిని వెతకడం ఎలా?

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి పండగంటే ఇంటి నిండా చుట్టాలే. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం సిరిమానోత్సవం, ముందురోజు తొలేళ్లు. ఆ రాత్రి హాల్లో కాలు పెట్టే చోటు లేకుండా చాపలు పరుస్తారు. సరిగ్గా అప్పుడే ఎవరో జాకెట్టుకు హుక్కు కుడుతూ సూదిని జారవిడుస్తారు. పక్కింట్లో అడుగుదామంటే దీపాలు పెట్టాక సూది ఇవ్వరు. ఇచ్చినా లాభం లేదు. పడిన సూది దొరికేదాకా అక్కడ పిల్లలను పడుకోబెట్టలేం.

చాలామంది వెంటనే చీపురు అందుకుంటారు. దయచేసి వద్దు. పాత గచ్చు నేలైతే చీపురు సూదిని పగుళ్లలోకి నెట్టేస్తుంది.

1. ముందు పిల్లలను మంచం ఎక్కించండి. వెతికేవాళ్లు చెప్పులు వేసుకోవాలి. ఇంట్లో చెప్పులేమిటని పెద్దవాళ్లు సణిగితే సణగనివ్వండి.

2. కుట్టినవాళ్లు ఒక్కసారిగా లేచి చీర దులపకూడదు. కూర్చున్నచోటే కుచ్చిళ్లు, పమిట, ఒళ్లో ఉన్న బట్ట మడత మడతా చూసుకోవాలి. సూది చాలాసార్లు అక్కడే గుచ్చుకుని ఉంటుంది. దారం కొస కనిపిస్తే దాన్ని పట్టుకుని మెల్లగా లాగండి.

3. ట్యూబులైటు ఆపేయండి. పైనుంచి పడే వెలుతురులో సూది నేలలో కలిసిపోతుంది. ఫోను టార్చి వెలిగించి నేలకు ఆనించి పక్కవాటుగా పట్టుకోండి. చీమ నీడ కూడా బారెడు కనిపిస్తుంది, సూది తళుక్కుమంటుంది. కాంతికి సమాంతరంగా పడి ఉంటే నీడ సన్నగా ఉండి కంటికి ఆనదు కాబట్టి, ఒక గోడ వైపు నుంచి చూశాక పక్క గోడ వైపు నుంచి మళ్లీ చూడాలి. సూది గట్టి నేల మీద ఎగిరి పడుతుంది కనుక కుట్టినచోటి నుంచి చుట్టూ నాలుగడుగుల దాకా వెతకండి.

సూది కోసం సోదికి వెళితే పాత రంకులన్నీ బయటపడ్డాయని సామెత. ఇక్కడ సోది అక్కర్లేదు, మంచం కింద టార్చి వేస్తే చాలు. ఎప్పుడో పోయిన దుద్దు శీల, రూపాయి బిళ్లలు, ఎవరూ ఒప్పుకోని బీడీ ముక్క బయటికొస్తాయి. పంచాయితీ పెట్టకుండా అన్నీ ఒక పళ్లెంలో వేసి పక్కన పెట్టండి.

4. అప్పటికీ దొరకలేదా? పాత రేడియో స్పీకరులోని అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి నేలకు దగ్గరగా నెమ్మదిగా తిప్పండి. సూది ఉక్కు కనుక అంటుకుంటుంది. ఇత్తడి పిన్నీసుకు మాత్రం ఈ ఉపాయం పనిచేయదు. చాపల అల్లికలో దూరి ఉండవచ్చు. తెల్ల దుప్పటి మీద చాపను బోర్లించి వెనక నుంచి తట్టండి.

5. ఇప్పుడు చీపురు. కొండచీపురుతో మెల్లగా ఊడ్చి, చెత్తను కాగితం మీద పోసి, చీపురును కూడా దాని మీదే దులపండి. పుల్లల మధ్య సూది ఇరుక్కుని ఉంటుంది.

దొరికింది విరిగిన సూదైతే రెండు ముక్కలనూ కలిపి చూడండి. ములుకు లేకపోతే వెతుకులాట ముగియనట్టే. ఎవరి కాల్లోనైనా దిగిందనిపిస్తే పిండడం, మరో సూదితో కెలకడం వద్దు. ఆ కాలు నేల మీద మోపకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఎక్స్‌రేలో ముక్క ఎక్కడుందో కనిపిస్తుంది, ధనుర్వాతం టీకా అవసరమో కాదో కూడా డాక్టరే చెబుతారు.