పెరట్లో ఎయిర్ రైఫిల్ ప్రాక్టీసుకు ముందు జాగ్రత్తలు

విజయనగరంలో మనలాంటి చాలామందికి పెరడే షూటింగ్ రేంజ్. అందుకే ముందు టార్గెట్ వెనక చూడండి. దళసరి గోడ, దానికి ముందు పెల్లెట్ ట్రాప్ (పెల్లెట్లను, అంటే రైఫిల్ గుళ్లను, పట్టి ఆపే పెట్టె) ఉండాలి. ప్రహరీ అవతల ఎవరైనా తిరుగుతుంటే ఆ పూట మానేయండి. విసుగొస్తుంది, అయినా సరే. 10 మీటర్ల టార్గెట్‌కు వాడే పెల్లెట్ గురి తప్పితే అంతకంటే చాలా దూరం పోతుంది.

రైఫిల్ ఎప్పుడూ లోడై ఉందనే అనుకోండి. గురి కుదిరేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టొద్దు. పిల్లలు "ఒక్కసారి బాబాయ్" అని బతిమాలినా ఇవ్వకండి.

పెల్లెట్ వెనక్కి ఎగిరొస్తుంది, రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. పక్కన నిలబడేవాళ్లకీ.

సముద్రపు తేమకు బ్యారెల్ తుప్పు పట్టడం మన జిల్లాల్లో పెద్ద చికాకు. పైన నూనె గుడ్డతో తుడిచి పెట్టుకోండి.

4.5 మి.మీ. పెల్లెట్లు ఎక్కువగా సీసంవే. సబ్బుతో చేతులు కడుక్కున్నాకే టీ, జంతికలు.