పికప్ ఏసీ కంప్రెసర్ మార్చే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

కొత్త కంప్రెసర్‌కు (ఏసీ గ్యాస్‌ను నొక్కి పైపుల్లో తిప్పే యంత్రానికి) డబ్బు పెట్టే ముందు పాతది నిజంగా చెడిపోయిందని నిర్ధారించుకోవాలి. ఏసీ వేసినా క్లచ్ (కంప్రెసర్‌ను ఇంజన్ బెల్టుతో కలిపే భాగం) పట్టడం లేదంటే కంప్రెసరే పోయిందని అర్థం కాదు. గ్యాస్ తగ్గినప్పుడు ప్రెషర్ స్విచ్ దానంతట అదే క్లచ్‌కు కరెంటు అందకుండా చేస్తుంది, కాలిన ఫ్యూజు, పనిచేయని రిలే, అరిగి ఖాళీ పెరిగిన క్లచ్ ప్లేటు కూడా ఇదే లక్షణాన్ని చూపిస్తాయి. ఇంజన్ ఆపి, తాళంచెవి తీసి, పుల్లీ ముందున్న క్లచ్ ప్లేటును చేత్తో తిప్పి చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. అది కదలకుండా బిగుసుకుపోయినా, గరగరమంటూ ఆగి ఆగి తిరిగినా లోపల దెబ్బ తగిలినట్టే. పుల్లీ బేరింగే బిగుసుకుపోతే మాత్రం బండిని కదపకూడదు, ఎందుకంటే బెల్టు తెగితే చాలా బండ్లలో అదే బెల్టు మీద తిరిగే వాటర్ పంపు, ఆల్టర్నేటర్ కూడా ఆగిపోతాయి.

ఈ పనిలో మనిషికి అన్నిటికన్నా ఎక్కువ హాని చేయగలిగేది గ్యాస్. చాలా బండ్ల ఏసీల్లో వాడే ఆర్-134ఎ మామూలు వాతావరణ పీడనంలో మైనస్ 26 డిగ్రీల సెల్సియస్ వద్దే మరుగుతుంది కనుక, ద్రవరూపంలో చిమ్మి చర్మం మీద పడినా, మరీ ముఖ్యంగా కంట్లో పడినా, క్షణాల్లో గడ్డకట్టించి గాయం చేస్తుంది. ఇంజన్ ఆగి ఉంది కదా అన్న ధీమా పనికిరాదు: 30 డిగ్రీల వేడిలో ఊరికే నిలిపి ఉంచిన బండి పైపుల్లో కూడా సుమారు 97 పీఎస్ఐ పీడనం ఉంటుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా, గాలి ఆడని గదిలో, దగ్గరలో నిప్పు ఉండగా ఏ పైపూ విప్పకూడదు. మంట తగిలితే ఈ గ్యాస్ విషవాయువులుగా మారుతుంది. కొత్త బండ్లలో వాడే ఆర్-1234వైఎఫ్‌కు కొద్దిగా మండే గుణం కూడా ఉంది. బానెట్ కింది లేబుల్‌లో ఏ గ్యాస్ రాసి ఉంటే అదే వాడాలి తప్ప, ఒకదానితో మరొకటి కలపకూడదు. ఆర్-134ఎకు భూమిని వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్ కన్నా వెయ్యి రెట్లకు పైగా ఎక్కువ. దానిని గాలిలోకి వదిలేయడం చాలా దేశాల్లో చట్టవిరుద్ధం. స్పానర్ పని బాగా వచ్చినవారు సైతం గ్యాస్ తీయించడానికి, మళ్లీ నింపించడానికి తగిన యంత్రం ఉన్న మెకానిక్ దగ్గరకు వెళ్లడమే మేలని నా అభిప్రాయం.

బ్యాటరీ నెగటివ్ తీగ విప్పిన తరువాతే ఇంజన్ దగ్గర చేయి పెట్టాలి, లేకపోతే ఇంజన్ ఆగి ఉన్నా రేడియేటర్ ఫ్యాన్ హఠాత్తుగా తిరగవచ్చు. పికప్‌లలో కంప్రెసర్ తరచుగా ఇంజన్‌కు బాగా కింద ఉంటుంది కాబట్టి కొన్నిసార్లు బండి కిందికి దూరవలసి వస్తుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మి దూరకుండా, గట్టి నేల మీద స్టాండ్లు పెట్టి, చక్రాలకు అడ్డు వేయాలి. హైబ్రిడ్ బండ్లలో కంప్రెసర్‌కు నారింజ రంగు తీగలు కనిపిస్తే అక్కడితో ఆగిపోవాలి, ఎందుకంటే వాటిలో ప్రాణాలు తీయగల వోల్టేజి ఉంటుంది.

పాత కంప్రెసర్ విప్పగానే దాని నూనెను తెల్లని గుడ్డ మీద పోసి చూడటం ఈ పని మొత్తంలో అత్యంత విలువైన రెండు నిమిషాలు. నూనె శుభ్రంగా ఉంటే సరే. నల్లగా మారి, మెరిసే లోహపు పొడి కనిపిస్తే మాత్రం ఆ పొడి ఇప్పటికే కండెన్సర్‌లోకి (వేడి గ్యాస్‌ను చల్లార్చే జాలీ), ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లోకి (గ్యాస్‌ను సన్నని దారి గుండా వదిలే భాగం) చేరిందని భావించాలి. ఇప్పటి కండెన్సర్లలో గొట్టాలు ఎంత సన్నగా ఉంటాయంటే, ఎంత కడిగినా చెత్త పూర్తిగా బయటికి రాదు, అందువల్ల దానిని మార్చడమే దారి. ఖర్చుకు వెనుకాడి పాతదే ఉంచితే ఆ పొడి కొత్త కంప్రెసర్‌ను కూడా అరగదీస్తుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌ను లేదా కొన్ని బండ్లలో దాని బదులు ఉండే ఆరిఫిస్ ట్యూబును మార్చి, పైపులను తగిన ద్రావణంతో కడిగి, పొడి నైట్రోజన్‌తో ఊది ఆరబెట్టాలి. ఆక్సిజన్‌ను ఈ పనికి ఎన్నడూ వాడకూడదు.

నూనె విషయంలో పొరపాట్లు చాలా సులభంగా జరుగుతాయి. కొన్ని కంప్రెసర్లు వ్యవస్థకంతటికీ సరిపడా నూనెతో వస్తాయి, కొన్ని దాదాపు ఖాళీగా వస్తాయి. కాబట్టి కొత్తదాని నూనెను కొలపాత్రలోకి వంపి, తయారీదారు చెప్పిన రకాన్ని, చెప్పిన పరిమాణంలోనే తిరిగి పోయాలి. నూనె తక్కువైతే కంప్రెసర్ అరుగుతుంది, ఎక్కువైతే చల్లదనం తగ్గుతుంది. ఏసీ కంప్రెసర్లలో వాడే పీఏజీ నూనె గాలిలోని తేమను వేగంగా పీల్చుకుంటుంది కనుక, తెరిచి ఎప్పటినుంచో పక్కన పెట్టిన సీసాను వాడకూడదు. గ్యాస్‌లోని తేమను పీల్చే డ్రయర్‌ను కూడా కొత్తదే వేయాలి, దాని మూతలు అన్నిటికన్నా చివర విప్పాలి. నేను ఒకసారి డ్రయర్ బిగించి, భోజనం చేసి వచ్చి మిగతా పైపులు కలిపాను. అది అప్పటికే గదిలోని తేమనంతా తాగేసి ఉంటుందన్న సంగతి తట్టి, మరొకటి కొనుక్కోవలసి వచ్చింది. పైపుల అతుకుల దగ్గర ఉండే రబ్బరు ఓ రింగులన్నీ కొత్తవే వేసి, నూనె రాసి, బోల్టులను టార్క్ రెంచితో బిగించాలి. అల్యూమినియం మరలు అతిగా బిగిస్తే ఊడిపోతాయి.

పైపులన్నీ కలిపాక, పంపుతో లోపలి గాలిని లాగేసే వాక్యూమ్‌ను కనీసం అరగంట, వీలైతే ఇంకా ఎక్కువసేపు పెట్టించాలి; లోపలి తేమ ఆవిరై పోవడానికి ఇదే మార్గం. పంపు ఆపిన తరువాత గేజు ముల్లు పైకి జరుగుతుంటే లీకు గాని, మిగిలిన తేమ గాని ఉన్నట్టు. లీకును వెతికి పట్టుకోవాలే తప్ప లీకులు మూసే రసాయనాలు పోయకూడదు, అవి గ్యాస్ తీసే, నింపే యంత్రాలను సైతం పాడు చేస్తాయి. గ్యాస్‌ను గేజు అంచనాతో గాక, లేబుల్‌లో రాసిన బరువు ప్రకారం తూకం వేసి నింపాలి. ఇంజన్ నడుస్తుండగా హైసైడ్ (ఎక్కువ పీడనం ఉండే వైపు) వాల్వ్ తెరిస్తే ఆ పీడనం గ్యాస్ డబ్బాలోకి ఎదురెక్కి అది పేలవచ్చు.

మొదటిసారి నడిపే ముందు క్లచ్ ప్లేటును చేత్తో పది సార్లయినా తిప్పితే సిలిండర్లలో చేరిన నూనె పక్కకు తప్పుకుంటుంది. నడిపిన తరువాత తొలి నిమిషాల్లో హైసైడ్ గేజు మీదే దృష్టి ఉంచి, పీడనం ఆగకుండా పెరుగుతుంటే వెంటనే ఏసీ ఆపి, కండెన్సర్ ఫ్యాన్ తిరుగుతోందో లేదో, కండెన్సర్ రెక్కల మధ్య మట్టి నిండిపోయిందేమో చూడాలి. పాత కంప్రెసర్‌ను చంపింది కూడా అదే అయి ఉండవచ్చు.