గులివిందల మధ్య పాలిమిక్సియాను గుర్తించి భద్రపరచే విధానం

కళింగపట్నం, భావనపాడు తీరాల్లో గులివిందలు అందరూ ఎరిగిన చేపలే కనుక, గడ్డం కింద రెండు మీసాలున్న ఏ చేపనైనా ఆ రకంగానే జమకట్టి బుట్టలో వేయడం సహజం. విశాఖపట్నం ట్రాలర్లపై పనికి వెళ్లే శ్రీకాకుళం మత్స్యకారులు లోతు నీటి వలను వేరుచేసేటప్పుడు మాత్రం మరికొంత పరిశీలనగా చూడాలి. ఉష్ణమండల, ఉప ఉష్ణమండల సముద్రాల్లో సాధారణంగా 180 నుంచి 640 మీటర్ల లోతున బతికే పాలిమిక్సియా అనే చేపకు కూడా అలాంటి మీసాలే ఉంటాయి. దాని కుటుంబంలో నేడున్నది ఆ ఒక్క ప్రజాతే (దగ్గరి జాతుల సమూహం). దాని దగ్గరి బంధువులు డైనోసార్ల కాలమైన క్రెటేషియస్ యుగపు శిలాజాలుగానే మిగిలాయి. తీరం దగ్గర వేసే వలల్లో దానిని వెదకడం వృథా శ్రమ.

మీసాలను నమ్మవద్దు, ముందుగా వీపు చూడండి. గులివిందకు వీపుపై రెండు రెక్కలు విడివిడిగా ఉంటాయి. పాలిమిక్సియాకు ఉండేది ఒకే పొడవాటి రెక్క. అందులో మొదట నాలుగు నుంచి ఆరు ముళ్లు, వాటి వెనుక పాతికకు పైగా మెత్తని కాడలు వరుసగా ఉంటాయి. పొట్ట కింద, తోకకు ముందున్న రెక్కలో నాలుగు ముళ్లు లెక్కకు వస్తే సందేహం దాదాపు తీరినట్టే. కన్ను తలతో పోలిస్తే చాలా పెద్దది. రంగును ఆధారం చేసుకోకపోవడం మేలు, ఎందుకంటే ఐసులో పెట్టిన చేప త్వరగా వెలిసిపోతుంది.

గుర్తించిన వెంటనే, రెక్కలు విప్పి, పక్కన స్కేలు ఉంచి, ఎడమ వైపు ఫొటో తీయాలి. జన్యు పరీక్షకు కుడి వైపు నుంచి చిన్న కండ ముక్కను కోసి 95 శాతం ఇథనాల్‌లో వేయాలి. చేపను కుళ్లకుండా నిలిపే ఫార్మలిన్ ద్రావణం తగిలితే ఆ ముక్క పరీక్షకు సరిగా పనికిరాదు కనుక ఈ పని ముందే జరగాలి. తరువాత కుడి వైపునే పొట్టకు చిన్న గాటు పెట్టి, బజారులో దొరికే ఫార్మలిన్ ఒక పాలు, నీరు తొమ్మిది పాళ్లు కలిపిన ద్రావణంలో చేపను వారం రోజులు ఉంచి, నీటితో బాగా కడిగి, 70 శాతం ఇథనాల్‌లోకి మార్చాలి. ఫార్మలిన్ విషపూరితం; చేతొడుగులు వేసుకుని ఆరుబయటే కలపాలి.

తేదీ, వల వేసిన చోటు, లోతు, వల రకం పెన్సిల్‌తో గట్టి కాగితంపై రాసి సీసా లోపలే వేయాలి. పెన్ను సిరా ఇథనాల్‌లో కరిగిపోతుంది. లోతు వివరం లేని నమూనాకు సగం విలువే ఉంటుంది కనుక వల ఎత్తిన వెంటనే ట్రాలర్ నడిపే సరంగును అడిగి రాసుకుని, సీసాను విశాఖపట్నంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రానికి చేర్చవచ్చు.