లాసెట్ ఫీజు కట్ అయింది, ఫారం తెరుచుకోలేదు: ఇలా చేయండి

తెలంగాణలో లా కోర్సుల ప్రవేశ పరీక్ష అయిన లాసెట్‌కు ముందు ఫీజు, ఆ తర్వాతే దరఖాస్తు. బ్యాంకులో డబ్బు కట్ అయినా ఫారం తెరుచుకోకపోతే కంగారుపడి రెండోసారి కట్టకండి. సైట్‌లోనే పేమెంట్ స్టేటస్ లింకు ఉంటుంది. మొదట ఇచ్చిన మొబైల్ నంబరు, పుట్టిన తేదీ మళ్లీ అవే ఇవ్వాలి. ఒక్క అంకె తేడా ఉన్నా వివరాలు దొరకవు. సక్సెస్ అని వస్తే ట్రాన్సాక్షన్ నంబరు రాసుకుని ఫారం నింపడమే. ఫెయిల్ అని వస్తే బ్యాంకు వాపసు కోసం ఆగి, మళ్లీ కట్టాలి.

పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా కొట్టండి. ఇంటిపేరు ముందా వెనకా అన్న చిన్న తేడాకే కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్ల పరిశీలన దగ్గర ఇబ్బంది రావొచ్చు.

మూడేళ్ల లా కోర్సుకు డిగ్రీలో జనరల్ వాళ్లకు 45 శాతం, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 ఉండాలి. ఇంటర్ చదవకుండా నేరుగా ఓపెన్ డిగ్రీ చేసినవాళ్లను లా చదువులను పర్యవేక్షించే బార్ కౌన్సిల్ నిబంధన ఒప్పుకోదు. చాలామంది ఫీజు కట్టాక గానీ ఇది చూసుకోరు.

పరీక్ష 120 ప్రశ్నలు, 90 నిమిషాలు. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఏదీ ఖాళీగా వదలొద్దు.